దివాన్ దేవిడికి వచ్చిన జపాన్

కొండగట్టు, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి హైదరాబాదు వచ్చి సాలార్‌జంగ్ మ్యూజియంలో అడుగుపెట్టినవాళ్లు ముందుగా గంటల గడియారాన్ని, మేలిముసుగు రెబెకా శిల్పాన్ని వెతుక్కుంటారు. జపాన్ వస్తువుల దగ్గర నిలబడేవాళ్లు తక్కువ. నిజానికి తీరిగ్గా చూడాల్సినవి అవే.

జపాన్‌లో పింగాణీ పుట్టింది 17వ శతాబ్దం ఆరంభంలో, క్యుషు దీవిలోని అరితాలో. కాల్చినవాళ్లు కొరియా నుంచి పట్టుకొచ్చిన కుమ్మరులు. సరుకు ఇమారి రేవులో ఓడ ఎక్కేది కాబట్టి ఆ పేరే స్థిరపడింది. 1644లో చైనాలో మింగ్ రాజ్యం కూలి అక్కడి సరుకు తగ్గిపోయేసరికి డచ్ కంపెనీ అరితాను ఆశ్రయించింది. అదే కంపెనీకి మన మచిలీపట్నంలోనూ కోఠీ ఉండేది. జపాన్ రాగి మన తీరానికి చేరేది, కోరమాండల్ అద్దకపు బట్ట జపాన్‌కు వెళ్లేది. అక్కడ దాన్ని సరసా అన్నారు. తేనీటి వేడుకలు నడిపే గురువులు దాని ముక్కలతో తమ విలువైన పాత్రలకు సంచులు కుట్టించి భద్రంగా దాచుకున్నారు. మన నవాబులు జపాన్ కూజాలు కొనడానికి ఎంతో ముందే జపాన్ రసికులు మన బట్టను సేకరించారన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నా కోరిక.

1868లో సమురాయ్‌ల పాలన ముగియడంతో, సంస్థానాల ప్రాపకంలో బతికిన పనివాళ్లకు ఆసరా పోయింది. సత్సుమా సంస్థానం అంతకు ముందు ఏడాదే పారిస్ ప్రదర్శనకు తన పాత్రలు పంపింది. 1873లో వియన్నా ప్రదర్శనకు కొత్త ప్రభుత్వమే పూనుకొని సరుకు తీసుకెళ్లింది. మీగడ రంగు మెరుగు, దానిమీద వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్లు, ఆపైన బంగారు పూత: యూరప్ మోజుపడింది. దాంతో క్యోటో, యోకొహామాల్లో కూడా విదేశీ కొనుగోలుదారు కోసమే సత్సుమా తయారైంది. తేనీటి గురువులు మెచ్చినవి వేరు. వాళ్లకు బిజెన్, రాకు వంటి గరుకు పాత్రలు ఇష్టం.

హైదరాబాదులో పింగాణీ మోజు అప్పటికే పాతది. నిజాంలకు ప్రధానులుగా పనిచేసిన సాలార్‌జంగ్‌ల నివాసమైన దివాన్ దేవిడిలో చీనీఖానా అనే గదే ఉండేది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో రెబెకాను కొన్నాడు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీ ఖాన్ 1912 నుంచి 1914 దాకా నిజాంకు ప్రధాని. పదవి వదిలాక జీవితమంతా సేకరణకే ఇచ్చాడు. సత్సుమా, ఇమారి, లక్క పెట్టెలు, దంతపు పనితనం, ఖడ్గాలు అలా వచ్చి చేరాయి. ఆయన చేతికి అందింది ఎక్కువగా ప్రపంచానికి చూపడానికి జపాన్ చేసుకున్న అలంకారం. అంతమాత్రాన అది తక్కువది కాదు. ఒక్కో పాత్రమీద ఎంతో ఓపికగా సాగిన కుంచెపని కళ్లముందే ఉంది.

1949 మార్చి 2న ఆయన వారసులు లేకుండా కన్నుమూశాడు. రాశులుగా పడివున్న ఆ సంపదను వర్గీకరించి అమర్చడానికి జేమ్స్ కజిన్స్ సాయం తీసుకున్నారు. మదనపల్లె థియసాఫికల్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉండి 1919లో ఠాగూర్‌కు ఆతిథ్యమిచ్చిన ఐరిష్ కవి ఆయనే. ఆ ఏడే టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి వెళ్లాడు. జపాన్‌ను స్వయంగా చూసిన కన్ను మన సేకరణకు దొరకడం అదృష్టం. 1951 డిసెంబర్ 16న నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. ఇప్పటి భవనంలోకి మారింది 1968లో.

మూడో సాలార్‌జంగ్ సేకరిస్తున్న కాలంలోనే జపాన్‌లో యనాగి సోయెత్సు పేరులేని పల్లె కుమ్మరుల పనిని ఏరి కూర్చి, 1936లో టోక్యోలో దానికో మ్యూజియం నిలబెట్టాడు. నేటి జపాన్ కుండల సేకరణకు ఒక పునాది ఆ చూపు. 1971లో పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని స్థాపించిన ఇద్దరిలో ఒకరైన డెబొరా స్మిత్ కుమ్మరి విద్య నేర్చింది జపాన్‌లోనే.

మా వైపు కరీంనగర్ వెండి తీగపనిది కూడా సత్సుమా కథే. పాన్‌దాన్‌లు, అత్తరుదాన్‌లు చేయించుకున్నవి జాగీర్దారీ ఇళ్లు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జపాన్ పనివాళ్లను వియన్నా దాకా నడిపించిన ప్రభుత్వం మన కంసాలులకు అప్పుడు దొరకలేదు. భౌగోళిక గుర్తింపు 2007లో గానీ రాలేదు. అందుకే సత్సుమా కూజా పక్కనే కరీంనగర్ వెండి పళ్లెం పెట్టాలంటాను. కూజా అడుగున ఉన్న సంతకాన్ని చదివించి, చేసినవాడి పేరు, ఊరు తెలుగులో రాసిపెట్టాలి. పళ్లెం చేసిన చేతులు ఏ ఊరివో కూడా అక్కడే రాయాలి.