వెలగని ఎర్ర దీపం

2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ ఆగిపోయినప్పుడు పత్రికలు ఆ కారుకు ఘనంగా నివాళులు రాశాయి. మా పెదనాన్న అంబాసిడర్ అంతకు చాలా ఏళ్ల ముందే పోయింది. దాన్ని పొట్టన పెట్టుకున్నది వయసూ కాదు, కొత్త మోడళ్లూ కాదు. జానెడు రబ్బరు గొట్టం, మూరెడు వైరు. ఇంజిన్ మార్చిన రోజున ఆ రెండింటినీ ఎవరూ గుర్తుపట్టలేదు.

తెనాలిలో పెదనాన్నది టాక్సీ బతుకు. పెళ్లిళ్లకీ, ఆస్పత్రులకీ, తీర్థాలకీ అదే బండి. 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, దానికి మించిన బరువు, ఘాట్ ఎక్కితే ట్యాంకు ఖాళీ. 1990లలో టాక్సీలవాళ్లు ఒకరిని చూసి ఒకరు డీజిల్ ఇంజిన్లు ఎక్కించుకుంటున్నారు. పెదనాన్న కూడా వడ్డీకి డబ్బు తెచ్చి, విజయవాడ ఆటోనగర్‌లో ఒక కాంటెస్సా కారులోంచి దించిన ఇసుజు డీజిల్ ఇంజిన్ కొన్నాడు. తన పాత ఇంజిన్ని పాత ఇనుము కింద ఇచ్చేశాడు. వెనక్కి వెళ్లే దారి అక్కడే మూసుకుపోయింది.

ఆ ఇంజిన్ని దించినవాళ్లు క్లిప్పులు విప్పలేదు, గొట్టాలను కత్తితో కోసేశారు. వైర్లనూ అంతే, కప్లర్ల దగ్గర ఊడదీయకుండా కట్ చేశారు. అలా వచ్చిన ఇంజిన్‌కి తన గతమేదీ గుర్తుండదు. పెదనాన్న బండి పెట్రోలు ఇంజిన్ దించిన కుర్రాడు ఏ వైరు ఎక్కడిదో ఒక్క చీటీ కూడా కట్టలేదు. సంక్రాంతికి ఊరెళ్లినవాడు మళ్లీ షెడ్డుకు రాలేదు. ఒకరు విప్పినదాన్ని మరొకరు బిగించాలి.

అయినా గుర్తుపట్టడం అసాధ్యమేమీ కాదు. గొట్టం తానెక్కడిదో తానే చెబుతుంది. నీటి గొట్టం లోపల తెల్లటి పొక్కు పట్టి ఉంటుంది. డీజిల్ గొట్టాన్ని వాసన పట్టిస్తుంది. గాలి లాగే వాక్యూమ్ గొట్టం లోపల పొడిగా ఉంటుంది, లాగినప్పుడు అణగకుండా గోడ మందంగా ఉంటుంది. ఆయిల్ గొట్టం వేలికి నల్లగా అంటుతుంది. క్లిప్పు నొక్కిన గాడి ఎంత వెడల్పో చూసి, అదే కొలత ఉన్న మూతిని ఇంజిన్ మీద వెతకాలి. ఏళ్ల తరబడి ఒకే వంపులో ఉన్న రబ్బరు విప్పినా ఆ వంపు వదలదు. పట్టుకుంటే ఎటు తిరగాలో అదే తిరుగుతుంది.

వైర్లకు రంగులున్నాయి. అంబాసిడర్ పుట్టుక మారిస్ ఆక్స్‌ఫర్డ్. ఆ బ్రిటిష్ బండ్ల లెక్కలో నలుపు ఎర్తు, గోధుమ బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెలుపు తాళం తిప్పితే వచ్చేది. తెలుపు మీద గోధుమ చార ఉంటే అది ఆయిల్ ప్రెషర్ దీపం వైరు. మసి పట్టి రంగు కనబడకపోయినా ఫరవాలేదు. తాళం తిప్పి ఉంచి, ఆ వైరు కొసను టెస్ట్ బల్బు మీదుగా బాడీకి తగిలిస్తే డాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలుగుతుంది. క్షణం పని.

ఇంజిన్ బిగించిన రాత్రి ఆ క్షణం దొరకలేదు. శివరాత్రికి శ్రీశైలం బేరం ఒప్పుకుని ఉంది. హీటర్ ప్లగ్గుల వైరు కలిపారు, ఇంజిన్ ఆపే సోలినాయిడ్‌కి కలిపారు, మిగిలిపోయిన డీజిల్ వెనక్కి వెళ్లే గొట్టం ట్యాంకు దాకా లాగారు. ఇవన్నీ సరిగ్గానే చేశాడు మెకానిక్, పనిమంతుడే. కానీ ఎర్ర దీపాన్ని వెలిగించే ఆయిల్ స్విచ్ పాత ఇంజిన్‌కి ఒక పక్కనుంటే దీనికి ఇంకో పక్కనుంది. పాత వైరు అందలేదు. పెట్రోలు ఇంజిన్ కాయిల్‌కి వెళ్లే వైరుతో పాటు దాన్నీ మిగులు కింద జమకట్టి నల్ల టేపు చుట్టేశాడు. అదేమిటని పెదనాన్న అడిగితే మెకానిక్ “అది మనకు అక్కర్లేదు బాబాయ్” అన్నాడట.

ఇక గొట్టం సంగతి. ఆ ఇసుజు ఇంజిన్‌కి డైనమో వెనకే వాక్యూమ్ పంపు ఉంటుంది. బ్రేక్ బూస్టర్ కోసం గాలి లాగడం దాని పని. పెదనాన్న బండికి బూస్టరే లేదు కాబట్టి ఆ పంపూ మిగులే అనిపించింది. కానీ డైనమో తిరిగినంతసేపూ పంపు తిరుగుతుంది. దాని లోపలికి ఇంజిన్ ఆయిల్ వెళ్లి, కింది గొట్టం గుండా ఆయిల్ చాంబర్‌లోకి తిరిగి వస్తుంది. కోసేసిన ఆ గొట్టం స్థానంలో కొలత సరిపోయిందని ఒక నీటి గొట్టం ముక్క తొడిగారు. నీటికోసం చేసిన రబ్బరు వేడి నూనెలో ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, జారుతుంది. చేతికి బిగుతుగా ఉన్నంత మాత్రాన అది సరైన గొట్టం కాదు.

శ్రీశైలం దారిలో దోర్నాల దాటి నల్లమల ఘాట్ ఎక్కుతుండగా ఆ గొట్టం ఊడింది. పంపులోకి వెళ్లిన ఆయిలంతా రోడ్డు పాలైంది. నీళ్ల వేడి చూపే ముల్లు మామూలుగానే ఉంది. ఎర్ర దీపం వెలగలేదు, వెలగడానికి దానికి వైరే లేదు. వెనక సీట్లో శివనామం సాగుతోంది. దీపం లేకపోవడమే క్షేమమనుకుని పెదనాన్న ఇంకో మలుపు ఎక్కించాడు. లోపల ఖంగుమని కొట్టుకున్న చప్పుడు విని కాలు తీసేలోపే ఇంజిన్ పట్టేసింది.

నా బాధంతా ఇక్కడే ఉంది. గొట్టం ఒక్కటే ఊడి దీపం వెలిగి ఉంటే, బండి పక్కకు ఆపి, ఒక డబ్బా ఆయిల్‌తో, ఒక కొత్త గొట్టంతో బయటపడేవాడు. వైరు ఒక్కటే లేకపోతే ఏళ్లపాటు ఏమీ అయ్యేది కాదు. రెండు చిన్న పొరపాట్లు ఒకదానికొకటి కాపలా కాశాయి.

విప్పి చూస్తే బేరింగులు కరిగి క్రాంకుకు అతుక్కున్నాయి, కనెక్టింగ్ రాడ్ బ్లాకును చీల్చుకుని బయటికొచ్చింది. మరో ఇంజిన్‌కి అప్పు పుట్టలేదు. అంబాసిడర్ని తూకానికి అమ్మి, పెదనాన్న చివరిదాకా పరాయి బండికి డ్రైవరుగా ఉన్నాడు. వడ్డీ మాత్రం బండి పోయాక కూడా కట్టాడు.

ఇంజిన్ మార్పించుకునే ప్రతి ఒక్కరినీ ఒకటే వేడుకుంటున్నాను. విప్పేటప్పుడే ప్రతి గొట్టానికీ ప్రతి వైరుకీ చీటీ కట్టించండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మిగిలిందని చెప్పిన ప్రతి కొసా ఎక్కడిదో తేలేదాకా షెడ్డు వదలకండి. స్టార్ట్ చేసేముందు తాళం ఆన్‌కి తిప్పి డాష్‌బోర్డు చూడండి. ఆయిల్ దీపం అప్పుడు వెలగాలి, ఇంజిన్ అందుకున్నాక ఆరాలి. వెలగకపోతే ఆ బండిని కదలనివ్వకండి.