కారు క్యాబిన్ ఎయిర్ ఫిల్టర్: ఇంట్లోనే మార్చుకునే విధానం, పాటించాల్సిన జాగ్రత్తలు

కారు అద్దాలు మూసి ఏసీ వేసుకుంటే బయటి దుమ్ము, పొగ లోపలికి రావని చాలామంది భావిస్తారు. అయితే ఏసీ బ్లోయర్ పీల్చుకునే గాలి ముందు అద్దం అడుగున ఉండే జాలీ గుండా రోడ్డు మీది నుంచే వస్తుంది. ఆ గాలిని వడగట్టి ప్రయాణికులకు అందించేదే క్యాబిన్ ఎయిర్ ఫిల్టర్. దీనిని ఏసీ ఫిల్టర్ అని, పోలెన్ ఫిల్టర్ అని కూడా పిలుస్తారు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని శుద్ధి చేసే ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ వేరు, ఇది వేరు. చాలా కార్లలో దీనిని మెకానిక్ సాయం లేకుండా 15 నుంచి 20 నిమిషాల్లో మార్చుకోవచ్చు.

ఎందుకు ముఖ్యం?

గాలిలోని 2.5 మైక్రోమీటర్లు, అంతకన్నా తక్కువ పరిమాణం గల సూక్ష్మ ధూళి కణాలను పీఎం 2.5 అంటారు. ఇవి ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరగలవు. 2009లో నోటిఫై చేసిన జాతీయ ప్రమాణాల ప్రకారం మన దేశంలో పీఎం 2.5 వార్షిక సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల్లో ఈ పరిమితి 5 మైక్రోగ్రాములు మాత్రమే. 2019లో కేంద్రం ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పరిధిలో ఢిల్లీతో పాటు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం కూడా ఉన్నాయి. ఇటువంటి నగరాల్లో రోజూ గంటల తరబడి ట్రాఫిక్‌లో గడిపేవారికి, ముఖ్యంగా ఆస్తమా రోగులకు, పిల్లలకు, వృద్ధులకు ఫిల్టర్ పరిస్థితి పట్టించుకోవలసిన విషయమే.

దీనికి రహదారి భద్రతతోనూ సంబంధం ఉంది. ఫిల్టర్ పూడుకుపోతే గాలి వేగం తగ్గుతుంది. ఫలితంగా వర్షాకాలంలో, చలికాలంలో ముందు అద్దం లోపలి వైపు పట్టిన ఆవిరి త్వరగా తొలగదు. ఆ మేరకు డ్రైవరుకు రోడ్డు స్పష్టంగా కనిపించదు.

ఎప్పుడు మార్చాలి?

కంపెనీని, మోడల్‌ను బట్టి గడువు మారుతుంది. సాధారణంగా ఏడాదికి ఒకసారి లేదా 10,000 నుంచి 20,000 కిలోమీటర్ల మధ్య మార్చవలసి ఉంటుంది. కచ్చితమైన గడువు కారుతో పాటు ఇచ్చిన మాన్యువల్‌లో ఉంటుంది. మట్టి రోడ్లు, నిర్మాణ పనులు జరిగే ప్రాంతాల్లో తిరిగే కార్లకు ఇంకా ముందే మార్చాలి. తేమ అధికంగా ఉండే తీర ప్రాంతాల్లో ఫిల్టర్‌కు బూజు పట్టే అవకాశం ఉంటుంది.

కింది లక్షణాలు కనిపిస్తే గడువు కోసం ఎదురుచూడనవసరం లేదు:
• ఫ్యాన్ వేగం పెంచినా గాలి తక్కువగా రావడం
• ఏసీ వేయగానే ముక్క వాసన రావడం
• బ్లోయర్ శబ్దం పెరగడం
• అద్దంపై ఆవిరి త్వరగా తొలగకపోవడం

ఏ ఫిల్టర్ కొనాలి?

సాధారణ ఫిల్టర్ ముడతలు పెట్టిన కాగితం లేదా సింథటిక్ వస్త్రంతో తయారవుతుంది. ఇది దుమ్మును, పుప్పొడిని అడ్డుకుంటుంది. యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉన్న ఫిల్టర్ బూడిద రంగులో ఉండి, దుర్వాసనలను, కొన్ని వాయువులను కూడా కొంతమేర పీల్చుకుంటుంది. సూక్ష్మ కణాల కోసం మరింత దట్టమైన ఫిల్టర్లు కూడా లభిస్తున్నాయి. ఏది కొన్నా కారు మోడల్, తయారీ సంవత్సరం చెప్పి సరైన కొలత గలదే తీసుకోవాలి. అంచుల్లో ఖాళీ మిగిలితే గాలి వడపోత లేకుండా ఆ సందుల్లోంచే వెళ్లిపోతుంది.

మార్చే విధానం

చాలా కార్లలో ఫిల్టర్ ఎడమవైపు గ్లోవ్ బాక్స్ వెనుక ఉంటుంది. కొన్నింటిలో డ్యాష్‌బోర్డ్ కింద కాళ్లు పెట్టుకునే చోట, మరికొన్నింటిలో బానెట్ కింద ముందు అద్దం దగ్గర అమరుస్తారు. గ్లోవ్ బాక్స్ వెనుక ఉన్నప్పుడు ఈ క్రమాన్ని అనుసరించాలి.

1. ఇంజిన్, ఏసీ ఆపి, తాళం చెవి తీసివేయాలి. మాస్క్ ధరించడం మంచిది.
2. గ్లోవ్ బాక్స్‌ను ఖాళీ చేసి తెరవాలి. పక్కన చిన్న ఆధారపు కడ్డీ లేదా తాడు ఉంటే దానిని విడదీయాలి.
3. బాక్స్ రెండు పక్కలనూ లోపలికి నొక్కితే అది పూర్తిగా కిందికి దిగుతుంది. కొన్ని మోడళ్లలో స్క్రూలు విప్పవలసి ఉంటుంది.
4. వెనుక కనిపించే ప్లాస్టిక్ మూత క్లిప్పులను నొక్కి మూత తీయాలి.
5. పాత ఫిల్టర్‌పై బాణం గుర్తు ఎటు ఉందో చూసుకొని, ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. తర్వాత ఎండుటాకులు, దుమ్ము బ్లోయర్‌లో పడకుండా దానిని నిదానంగా బయటికి లాగాలి.
6. ఫిల్టర్ గదిని వాక్యూమ్ క్లీనర్‌తో గాని, పొడి గుడ్డతో గాని శుభ్రం చేయాలి.
7. గాలి ప్రవాహ దిశను సూచించే బాణం సరైన వైపు ఉండేలా కొత్త ఫిల్టర్‌ను అమర్చాలి. మూత, గ్లోవ్ బాక్స్ యథాస్థానంలో బిగించాలి.
8. ఏసీని గరిష్ఠ వేగంలో నడిపి, వింత శబ్దం లేదని నిర్ధారించుకోవాలి. మార్చిన తేదీ, కిలోమీటర్ల రీడింగ్ రాసి ఉంచుకోవాలి.

చేయకూడనివి

ప్లాస్టిక్ క్లిప్పులపై బలప్రయోగం చేస్తే విరుగుతాయి. డ్యాష్‌బోర్డ్ లోపల పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే ముట్టుకోరాదు. అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించినవి. ఫిల్టర్ తీసి ఉన్నప్పుడు బ్లోయర్ నడపరాదు. కాగితపు ఫిల్టర్‌ను నీటితో కడిగినా, అధిక పీడనంతో గాలి కొట్టినా దాని పొర దెబ్బతింటుంది. పైకి శుభ్రంగా కనిపించినా అది మునుపటిలా వడపోయలేదు. తొలగించిన ఫిల్టర్‌ను దులపకుండా సంచిలో మూటగట్టి పారవేయాలి.

ఫిల్టర్ చేయలేనిది

కార్బన్ మోనాక్సైడ్‌ను ఏ క్యాబిన్ ఫిల్టరూ ఆపలేదు. రంగు, వాసన లేని ఈ విషవాయువు ప్రాణాలు తీస్తుంది. అందువల్ల ఫిల్టర్ కొత్తదైనా, ఇంజిన్ నడుస్తున్న కారులో అద్దాలు మూసుకొని నిద్రించడం, మూసిన గ్యారేజీలో ఇంజిన్‌ను నడపడం ప్రమాదకరం. పొగ ఎక్కువగా ఉన్న చోట లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ బటన్ ఉపయోగపడుతుంది. కాని దానిని ఎక్కువసేపు ఉంచితే లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగి డ్రైవరుకు మగత కలిగే అవకాశం ఉంది. కాబట్టి మధ్యమధ్య బయటి గాలిని రానివ్వాలి.

కొన్ని ప్రారంభ శ్రేణి మోడళ్లలో కంపెనీ ఈ ఫిల్టర్‌ను అమర్చదు. మూత తీసినప్పుడు ఖాళీ గది మాత్రమే ఉంటే, ఆ మోడల్‌కు సరిపోయే ఫిల్టర్ దొరుకుతుందేమో సర్వీస్ సెంటర్‌లో విచారించవచ్చు. ఫిల్టర్ మార్చిన తర్వాత కూడా దుర్వాసన పోకపోతే కూలింగ్ కాయిల్‌పై బూజు పేరుకొని ఉండవచ్చు. దానిని శుభ్రం చేసే పనిని నిపుణులకే అప్పగించాలి.