పది కౌన్సిళ్ళు ఒక మాట మీదికి వచ్చిన కథ

పొద్దున నాలుగున్నరకు బకెట్ పట్టుకుని బాత్రూం ముందు వరసలో నిలబడే మనకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. గది ఎంత బాగున్నా నీళ్ళ ట్యాంకర్ రాకపోతే ఆ గదిలో ఉండలేం. నీళ్ళున్నా సైటుకు బస్సు రాకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. గదులు కట్టేది ఒకరు, నీళ్ళు పంపేది ఇంకొకరు, బస్సు నడిపేది మరొకరు. ఈ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే అవస్థ పడేది గదిలో ఉన్నవాడే.

ఊళ్ళ సంగతీ ఇంతే. ఒక మున్సిపాలిటీ తన హద్దులోపల ఎంత చక్కగా పనిచేసినా తాగే నీళ్ళు ఎక్కడో కొండల్లోంచి రావాలి. మురుగు పక్క ఊరి మీదుగా పోవాలి. పనివాళ్ళు ఇంకో ఊరి నుంచి బస్సెక్కి రావాలి. హద్దురాళ్ళు మనుషులు పాతుకున్నవి. నీళ్ళకూ, మురుగుకూ, పొగకూ వాటితో పని లేదు. ఈ సంగతి ఒంటబట్టడానికి ఇంగ్లండులోని మాంచెస్టర్ ప్రాంతానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ కథలో మనలాంటి కూలివాళ్ళ పాత్ర చాలా ఉంది. అందుకే ఈ వారం దాన్ని చెప్పుకుందాం.

మిల్లు బట్టల ఊరు

మాంచెస్టర్ అంటే ఇప్పటి కుర్రాళ్ళకు ఫుట్‌బాల్ గుర్తొస్తుంది. మన తాత ముత్తాతలకు మాత్రం అది మిల్లు బట్టల ఊరు. అక్కడి మరమగ్గాల మీద నేసిన చవక బట్ట ఓడల్లో వచ్చి మన చేనేత మగ్గాల పొట్ట కొట్టింది. అయితే ఆ బట్ట నేసినవాళ్ళు మాత్రం సుఖంగా ఉన్నారా అంటే, అదీ లేదు. పల్లెల నుంచి, ఐర్లండు నుంచి జనం పని కోసం వచ్చిపడ్డారు. 1851 లెక్కల నాటికి ఊరి జనాభా మూడు లక్షలు దాటింది. వీపుకు వీపు ఆనించి కట్టిన గూళ్ళలాంటి ఇళ్ళలో, నేలమాళిగల్లో కుటుంబాలు కాపురం ఉండేవి. చాలా ఇళ్ళకు కలిపి ఒక మరుగుదొడ్డి. కలరా వచ్చిందంటే వాడలకు వాడలే మంచం పట్టేవి. 1842 చివర్లో ఆ ఊరికి వచ్చిన జర్మన్ యువకుడు ఫ్రెడరిక్ ఎంగెల్స్ ఈ బతుకులు కళ్ళారా చూసి 1845లో ఒక పుస్తకమే రాశాడు. ఆయన తర్వాతి కాలంలో కార్ల్ మార్క్స్‌కు తోడుగా నిలిచినవాడు.

మాంచెస్టర్‌కు మున్సిపాలిటీ వచ్చింది 1838లో. 1844లో అది వీపుకు వీపు ఇళ్ళు కొత్తగా కట్టకూడదని నిషేధించింది. మంచి పనే. కానీ ఆ నిషేధం ఊరి హద్దు వరకే. హద్దు దాటితే సాల్ఫర్డ్, ఇంకొంచెం పోతే బోల్టన్, ఓల్డామ్, రోచ్‌డేల్. అన్నీ మిల్లు ఊళ్ళే. ఎవరి మున్సిపాలిటీ వారిది, ఎవరి లెక్క వారిది.

పని పోయినప్పుడు ఏం చేశారు

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడి నుంచి పత్తి ఓడలు ఆగిపోయాయి. లంకషైర్ మిల్లులు మూతబడ్డాయి. మన దేశపు పొట్టి పింజ పత్తికి గిరాకీ పెరిగింది గానీ, అది ఆ యంత్రాల మీద తెగిపోతూ ఉండేది. లక్షల మంది కూలీలు వీధిన పడ్డారు. గంజి కేంద్రాల ముందు బారులు తీరారు.

అప్పుడు 1863లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. మిల్లు ప్రాంతాల మున్సిపాలిటీలకు తక్కువ వడ్డీకి, ముప్పై ఏళ్ళ గడువుతో అప్పు ఇస్తారు. ఆ డబ్బుతో అవి మురుగు కాలువలు, రోడ్లు, నీటి పనులు, పార్కులు చేపట్టి పని లేని కూలీలకు పని ఇవ్వాలి. ఓల్డామ్‌లో 1865లో తెరిచిన అలెగ్జాండ్రా పార్కు అలా మిల్లు కూలీల చేతుల మీదుగా తయారైందే. ఈనాటికీ జనం అక్కడ తిరుగుతున్నారు. మన కరువు పనులు, ఉపాధి హామీ పనులు గుర్తుకొస్తున్నాయి కదా! కష్టకాలంలో చేసిన పని తరతరాలకు పనికివచ్చింది. కానీ అప్పటికీ ఎవరి కాలువ వారే తవ్వుకున్నారు.

నీళ్ళ కోసం 96 మైళ్ళు

ఊరు పెరిగేకొద్దీ నీళ్ళు చాలలేదు. 1848 నుంచి 1877 దాకా లాంగ్‌డెండేల్ లోయలో బేట్‌మన్ అనే ఇంజినీరు వరసగా చెరువులు కట్టించాడు. అవీ సరిపోలేదు. దాంతో మాంచెస్టర్ కార్పొరేషన్ కన్ను ఉత్తరాన కొండల్లో ఉన్న థర్ల్‌మియర్ సరస్సు మీద పడింది. అక్కడివాళ్ళు గట్టిగా ఎదురుతిరిగారు. మీ మిల్లుల కోసం మా సరస్సు ముంచుతారా అని అడిగారు. పార్లమెంటులో వాదోపవాదాలు నడిచాయి. చివరికి 1879లో అనుమతి వచ్చింది గానీ, ఒక షరతు పెట్టారు. కాలువ పోయే దారి పొడుగునా ఉన్న ఊళ్ళు అడిగితే వాటికీ నీళ్ళు ఇవ్వాలి. 1894 అక్టోబరులో ఆ నీళ్ళు మాంచెస్టర్ చేరాయి. 96 మైళ్ళు, అంటే దాదాపు 154 కిలోమీటర్లు. ఒక్క పంపు లేదు, అంతా వాలు మీదనే.

ఆ షరతును గమనించండి. పక్కవాడి నేల మీదుగా నీ గొట్టం పోవాలంటే పక్కవాడి దాహం కూడా తీర్చాలి. పొత్తు కుదరడానికి ఇదే మూలసూత్రం.

అన్ని చోట్లా అంత న్యాయం జరగలేదు. 1919లో అనుమతి తెచ్చుకుని హాస్‌వాటర్ దగ్గర మరో ఆనకట్ట కట్టారు. మార్డేల్ అనే పల్లె మొత్తం మునిగింది. 1935లో చర్చిలో ఆఖరి ప్రార్థన జరిగింది. సమాధుల్లోంచి 97 మంది అవశేషాలను తవ్వి తీసి పక్క ఊరైన షాప్‌కు తరలించారు. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గినప్పుడు మార్డేల్ మొండి గోడలు ఇప్పటికీ బయటపడుతుంటాయి. శ్రీశైలం, నాగార్జునసాగర్ కింద ఊళ్ళు పోగొట్టుకున్న మనవాళ్ళకు ఆ గోడల బాధ వేరే చెప్పాలా?

కట్టినవాళ్ళు ఎక్కడ ఉన్నారు

సముద్రం నుంచి మాంచెస్టర్‌కు ఓడలు వచ్చేలా 36 మైళ్ళ కాలువ తవ్వింది కూడా ఆ రోజుల్లోనే. 1887లో మొదలైంది. మధ్యలో డబ్బు అయిపోతే మాంచెస్టర్ కార్పొరేషన్ రెండు విడతల్లో 50 లక్షల పౌన్ల అప్పు ఇచ్చి గట్టెక్కించింది. 1894 జనవరి 1న ఓడలు నడిచాయి. పని ముమ్మరంగా సాగిన రోజుల్లో పదహారు వేల మందికి పైగా కూలీలు పనిచేశారు. కాలువ పొడుగునా చెక్క గుడిసెలు వేసి వాళ్ళను ఉంచారు. మన భాషలో చెప్పాలంటే లేబర్ క్యాంపులే. ప్రమాదాలు ఎక్కువ కావడంతో రాబర్ట్ జోన్స్ అనే సర్జన్ పర్యవేక్షణలో దారి వెంట మూడు ఆసుపత్రులు పెట్టారు. పని జరిగే చోటే వైద్యం ఉండాలన్న ఆలోచనకు అది ఒక తొలి మెట్టు.

హాస్‌వాటర్ ఆనకట్ట నాటికి ఇంకో అడుగు ముందుకు పడింది. కూలీల కోసం బర్న్‌బ్యాంక్స్ అనే చిన్న ఊరే కట్టారు. ఆనకట్ట పూర్తయ్యాక కూడా ఆ ఊరు మిగిలింది. పనివాళ్ళ వసతిని ముందే లెక్కలో వేసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి అది చాలు.

హద్దు దాటిన ఇళ్ళు

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మురికివాడలు ఖాళీ చేయించి కొత్త ఇళ్ళు కట్టాలనుకున్నారు. ఊళ్ళో జాగా లేదు. 1926లో మాంచెస్టర్ కార్పొరేషన్ దక్షిణాన విథెన్‌షా ఎస్టేటు కొన్నది. అది చెషైర్ కౌంటీలో ఉంది. మా నేల మీద మీ పెత్తనం ఏమిటని చెషైర్ వాళ్ళు అడ్డుపడ్డారు. పోట్లాడి, 1931లో ఆ ప్రాంతాన్ని మాంచెస్టర్‌లో కలిపించుకున్నారు. ఇళ్ళు బాగానే లేచాయి. చుట్టూ తోటలు, గాలీ వెలుతురూ. కానీ దుకాణాలు, పనులు, బళ్ళు ఇళ్ళతో సమానంగా రాలేదు. ట్రామ్ రైలు అయితే 2014 నవంబరులో గానీ రాలేదు. ఎనభై మూడేళ్ళు! ఇళ్ళు కట్టేవాళ్ళూ, బండి నడిపేవాళ్ళూ ముందే కలిసి కూర్చుని ఉంటే ఇంత ఆలస్యం అయ్యేదా?

రద్దయినా విడిపోలేదు

1974 ఏప్రిల్ 1న పది మున్సిపల్ ప్రాంతాలను కలిపి గ్రేటర్ మాంచెస్టర్ కౌంటీ ఏర్పాటు చేశారు. బోల్టన్, బరీ, మాంచెస్టర్, ఓల్డామ్, రోచ్‌డేల్, సాల్ఫర్డ్, స్టాక్‌పోర్ట్, టేమ్‌సైడ్, ట్రాఫర్డ్, విగన్. ఈ పదింటి పైన ఒక పెద్ద కౌన్సిల్. పన్నెండేళ్ళు గడిచాయి. 1986 మార్చి 31తో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఆ పెద్ద కౌన్సిల్‌ను రద్దు చేసింది.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. పైనున్న కౌన్సిల్ పోతే పదిమందీ పది దారులు పట్టాలి. అలా జరగలేదు. ఎవరూ బలవంతపెట్టకుండానే పది కౌన్సిళ్ళు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. విమానాశ్రయాన్ని ఉమ్మడి ఆస్తిగా ఉంచుకున్నాయి. మాంచెస్టర్‌కు 55 శాతం వాటా, తక్కిన తొమ్మిదింటికీ తలా 5 శాతం. తర్వాత 2013లో బయటి పెట్టుబడి వచ్చి వాటాలు మారినా పది కౌన్సిళ్ళూ అందులో భాగస్వాములుగానే ఉన్నాయి. 1992లో బరీ నుంచి ఆల్ట్రింకమ్‌కు ట్రామ్ నడిచింది.

అన్నీ సాఫీగా సాగలేదు. రద్దీ వేళల్లో ఊళ్ళోకి వచ్చే కార్ల మీద రుసుము వేసి, ఆ డబ్బుతో ట్రామ్‌లు, బస్సులు పెంచుతామని 2008 డిసెంబరులో జనం ఓటు అడిగారు. పది ప్రాంతాల్లోనూ ఓడిపోయారు. వంద ఓట్లలో 79 వద్దనే పడ్డాయి. నాయకులు అలిగి ఇంటికి పోలేదు. మరుసటి ఏడాదే పదిమందీ డబ్బు కలిపి ఒక ఉమ్మడి రవాణా నిధి పెట్టారు. ట్రామ్ ఓల్డామ్‌కు, రోచ్‌డేల్‌కు, విమానాశ్రయానికి చేరింది అలాగే. 2011లో ఈ పొత్తుకు చట్టబద్ధమైన ఉమ్మడి సంస్థ హోదా వచ్చింది. ఇంగ్లండులో ఇలాంటివాటిలో అదే మొదటిది. 2017లో జనం నేరుగా మేయర్‌ను ఎన్నుకున్నారు.

1986లోనే బస్సులను ప్రైవేటు కంపెనీల ఇష్టానికి వదిలేశారు. ఒక కంపెనీ టికెట్టు ఇంకో కంపెనీ బస్సులో చెల్లేది కాదు. లాభం రాని దారుల్లో బస్సే ఉండేది కాదు. రాత్రి షిఫ్టు ముగించుకుని నడిచి వెళ్ళేవాడి గోడు ఎవరికి పట్టింది? 2023 సెప్టెంబరులో బోల్టన్, విగన్‌లతో మొదలుపెట్టి 2025 జనవరి నాటికి పది ప్రాంతాల బస్సులనూ మళ్ళీ ప్రజాసంస్థ అజమాయిషీలోకి తెచ్చారు. బస్సులకు పసుపు రంగు వేసి తేనెటీగ గుర్తు పెట్టారు. 1842 నుంచి ఆ ఊరి చిహ్నంలో తేనెటీగలు ఉన్నాయి, కష్టించే జనానికి గుర్తుగా.

ఒకరు లేచిపోయినా

ఇళ్ళ ప్రణాళిక దగ్గర మాత్రం పీటముడి పడింది. ఎన్ని ఇళ్ళు కావాలి, ఎక్కడ కట్టాలి, పచ్చని పొలాలు ఎంత వదలాలి? 2014లో పదిమందీ కలిసి లెక్క మొదలుపెట్టారు. 2016లో మొదటి చిత్తుప్రతి రాగానే పొలాలు పోతున్నాయని జనం గొడవ చేశారు. దిద్ది 2019లో మళ్ళీ బయటపెట్టారు. 2020 డిసెంబరులో స్టాక్‌పోర్ట్ కౌన్సిల్ మేము రాము అని ఓటేసింది. పదిమందీ ఒప్పుకుంటేనే సాగే ఏర్పాటు కనుక అక్కడితో ఆగిపోవాల్సిందే. కానీ తక్కిన తొమ్మిది కౌన్సిళ్ళు కొత్త పేరుతో ముందుకు నడిచాయి. చివరికి 2024 మార్చి 21న ఆ ఉమ్మడి ప్రణాళిక అమల్లోకి వచ్చింది. పదేళ్ళు పట్టింది. స్టాక్‌పోర్ట్ ప్రణాళికలోంచి తప్పుకున్నది గానీ పొత్తులోంచి కాదు. ట్రామ్, బస్సు, విమానాశ్రయం విషయాల్లో అది కలిసే ఉంది.

మన ఊరి సంగతి

మన దగ్గర వేరే దారి తొక్కారు. 2007లో హైదరాబాదు చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను నగరంలో కలిపేసి గ్రేటర్ కార్పొరేషన్ చేశారు. కలిపేయడం ఒక పద్ధతి, ఎవరి ఇల్లు వారికి ఉంచి కలిసి లెక్క వేసుకోవడం ఇంకో పద్ధతి. రెండోదానికీ మన రాజ్యాంగంలో చోటుంది. 1992లో చేసిన 74వ సవరణ ప్రకారం పంచాయతీల, మున్సిపాలిటీల ప్రణాళికలను ఒకచోట చేర్చడానికి జిల్లా ప్రణాళికా కమిటీ ఉండాలి. నీళ్ళు ఎలా పంచుకోవాలన్నది కూడా అందులో చూడాలి. అందులో కనీసం అయిదింట నాలుగు వంతుల మంది ఎన్నికైనవాళ్ళే కావాలి. అంటే మనం ఓటేసి గెలిపించినవాళ్ళే.

ఇది మనకెందుకు అంటారా? ఇక్కడ ఎండలో సంపాదించిన డబ్బుతో మనలో చాలామంది కొనేది ఊరి చివర ప్లాటు. సగం పంచాయతీలో, సగం మున్సిపాలిటీ అంచున. ఇల్లు లేచాక తెలుస్తుంది, మంచినీళ్ళ గొట్టం హద్దు దాకానే వచ్చిందని. మురుగు కాలువ పక్క పంచాయతీ పొలం దగ్గర ఆగిపోయిందని. వాళ్ళను అడిగితే వీళ్ళ మీద, వీళ్ళను అడిగితే వాళ్ళ మీద చెబుతారు. పదేళ్ళ కష్టార్జితం మోకాలి లోతు నీళ్ళలో నిలబడుతుంది.

కాబట్టి ఈసారి సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు ప్లాటు చూపించడానికి వచ్చినవాణ్ణి గజం ధర అడిగే ముందు రెండు మాటలు అడగండి. ఇక్కడి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? ఇక్కడి మురుగు ఎవరి ఊళ్ళోకి పోతుంది? ఆ ఊరివాళ్ళు ఒప్పుకున్నారా? సరైన జవాబు రాకపోతే సర్పంచినీ, కౌన్సిలరునూ అదే మాట అడగండి. మాంచెస్టర్ వాళ్ళు కూడా అడిగి అడిగే ఇంతదూరం వచ్చారు.