దగ్గితే దడ

2020లో లాక్‌డౌన్ రోజుల్లో ఇంట్లో ఎవరు దగ్గినా నా గుండె ఝల్లుమనేది. కడిగిన పాల పాకెట్టునే మళ్ళీ కడిగేదాన్ని. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. "నీకు జబ్బు రాలేదోయ్, జబ్బు భయం వచ్చింది" అని నవ్వారు మావారు. గంటకోసారి ఆయన చాటుగా థర్మామీటరు పెట్టుకోవడం నేను చూడలేదనుకున్నారు పాపం!

ఈ భయం మనతోనే పుట్టలేదని, బొంబాయి ప్లేగు సంగతులు చదివాక తెలిసింది నాకు.

1896 సెప్టెంబరులో మాండ్వీ పేటలో జనం జ్వరంతో రాలిపోతూంటే, అది ప్లేగని గుర్తించినవారు డాక్టర్ వీగస్. ప్లేగు క్రిమిని కనిపెట్టి అప్పటికి రెండేళ్ళు. కానీ అది మనిషికెలా సోకుతుందో ఎవరికీ తెలీదు. ఎలుకల ఒంటిమీద బతికే చిన్న పురుగే మోసుకొస్తోందని సిమండ్ అనే ఫ్రెంచి డాక్టరు కనుక్కున్నది 1898లో. ఈలోగా జనం మనసుల్లో ఎన్ని భూతాలు! ఆస్పత్రికి తీసుకెళ్ళి చంపేస్తారని పుకారు పుట్టింది. ఆ అక్టోబరులో మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆస్పత్రి మీద దాడి చేశారు. లక్షల మంది ఊరొదిలి పారిపోయారు. ఉన్నవాళ్ళు ఇంట్లో రోగిని దాచుకున్నారు. దాచినకొద్దీ జబ్బు పాకింది.

సర్కారు కూడా భయపడింది. 1897లో అంటురోగాల చట్టం చేసింది. 2020లో మనమీద ప్రయోగించిందీ ఆ పాత చట్టమే! పూనాలో సోల్జర్లు వంటిళ్ళల్లోకీ పూజగదుల్లోకీ చొరబడి సోదాలు చేశారు. భయానికి అవమానం తోడైంది. ఆ జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌ని చాపేకర్ సోదరులు కాల్చారు.

అదే పూనాలో అరవయ్యారేళ్ళ సావిత్రీబాయి ఫూలే, డాక్టరైన కొడుకు యశ్వంత్ ఊరిబయట పెట్టిన ఆస్పత్రికి రోగుల్ని చేర్చేది. ప్లేగు సోకిన ఒక పిల్లవాణ్ణి తానే మోసుకెళ్ళింది. తనకూ సోకి, 1897 మార్చి 10న కన్నుమూసింది. ఆవిడకి భయం లేదని నేననుకోను. ఆ పిల్లవాడు ఒంటరిగా భయపడకూడదనుకుని ఉంటుంది.

నా సంగతంటారా? ఒకరోజు అక్క ఫోన్ చేసింది. ధైర్యం చెబుతుందనుకున్నాను. "నాకూ భయంగానే ఉందే" అంది.

ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను!