తొక్క చెప్పే చరిత్ర

కోలారు జిల్లా క్యాసంబళ్ళి వైపు దానిమ్మ కథను పండు నుంచి కాక తొక్క నుంచి మొదలుపెట్టాలి. ఇరాన్ ప్రాంతం నుంచి వచ్చిన ఈ చెట్టు చరకసంహిత నాటికే మన వైద్యంలో కుదురుకుంది. లలితా సహస్రనామం అమ్మవారి కాంతిని దానిమ్మ పువ్వుతో పోల్చింది. అయితే జీవనది లేని ఈ జిల్లాలో చెరువు నీళ్ళు మడికే సరిపోవు, ఇక పండ్లతోట ఎక్కడిది? పెరట్లో ఒక చెట్టుంటే మాత్రం ఇంటికి మందు ఉన్నట్టే. తొక్కను ఎండబెట్టి, మెత్తగా దంచి, మజ్జిగలో కలిపి విరేచనాలకు తాగించడం తెలుగు ఇళ్ళ పాత వాడుక. తొక్కలోని టానిన్ల వగరే అక్కడ పనిచేసేది.

ఇది పుస్తక వైద్యమే, పల్లెది కాదని అనొచ్చు. కానీ పుస్తకాల్లోని దానిమ్మ మందు దాడిమాష్టక చూర్ణానికి అంగడి సరుకులు కావాలి. తొక్కకు పైసా అక్కర్లేదు. నాటు మందంతా నిరపాయమనీ కాదు: బద్దెపురుగుకు వాడిన దానిమ్మ వేరు బెరడులో ఉండే పెల్లెటియరిన్ మోతాదు మించితే విషం. ఫ్రాన్సులో టాన్రే అనే రసాయనవేత్త దాన్ని 1878లో వేరుచేశాడు. నేటి భగువా రకం దానిమ్మ తోటలే అసలు చరిత్ర అంటే ఒప్పుకోలేను. అవి డ్రిప్పు పైపులతో, లోతైన బోర్లతో, దూరపు మార్కెట్లను నమ్ముకుని నిన్నమొన్న వచ్చినవి.