సొంత కంప్యూటర్లో సోదా

2004 నాటికి ప్రపంచంలో ఏ మూలనున్న వెబ్ పేజీనైనా గూగుల్ క్షణంలో చూపించేది. మన బల్ల మీది కంప్యూటర్లో మనం దాచుకున్న ఉత్తరం మాత్రం ఓ పట్టాన దొరికేది కాదు. విండోస్ ఎక్స్‌పీని వెతకమంటే తెరమీద ఓ బొమ్మ కుక్క ప్రత్యక్షమయ్యేది. ఒక్కో ఫైలూ తెరిచి చూసేలోపు మనం కాఫీ తాగి రావచ్చు!

ఉపాయం పాతదే. ఏ మాట ఏ ఫైల్లో ఉందో ముందే పట్టిక రాసిపెట్టుకుంటే, అడిగినప్పుడు పట్టిక చూస్తే చాలు. 1989లోనే బిల్ గ్రాస్ లోటస్ కంపెనీ తరఫున మాజెలాన్ అనే ప్రోగ్రాంతో డాస్ కంప్యూటర్లలో ఈ పని చేయించాడు. ఇళ్లలో ఈమెయిళ్ల కుప్పలు లేని కాలమది. అవసరం కన్నా సరుకు ముందొచ్చింది.

పదిహేనేళ్లకు అందరికీ ఒకేసారి మెలకువ వచ్చింది. 2004 జులైలో మైక్రోసాఫ్ట్, అవుట్‌లుక్ మెయిళ్లను చకచకా వెతికే లుకౌట్‌ను కొనేసింది. అక్టోబరులో గూగుల్ డెస్క్‌టాప్ వచ్చింది. 2005 జనవరిలో యాహూ, ఎక్స్1 అనే కంపెనీ సాయంతో బరిలో దిగింది. ఆ ఎక్స్1 పుట్టిందీ బిల్ గ్రాస్ స్థాపించిన ఐడియాల్యాబ్‌లోనే. ఏప్రిల్లో ఆపిల్ స్పాట్‌లైట్‌ను మాక్‌లోనే కలిపి ఇచ్చింది.

వీటిలో గూగుల్ కథే రసవత్తరం. అది ఫైళ్లు, మెయిళ్లే కాదు, చూసిన వెబ్ పేజీల నకళ్లూ దాచేది. నలుగురు వాడే కంప్యూటరైతే ఒకరి గుట్టు మరొకరి ముందు రట్టే. 2006 ఫిబ్రవరిలో వచ్చిన మూడో వెర్షన్, ఒక కంప్యూటర్లోని ఫైళ్లను మరోదాన్నుంచి వెతకడానికి వాటి నకళ్లను గూగుల్ సర్వర్లకు పంపే సదుపాయం తెచ్చింది. దాన్ని వాడొద్దని అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ హెచ్చరించింది. ఆ భయం అతిగా అనిపించదు నాకు.

2007లో విండోస్ విస్టా స్టార్ట్ మెనూలోకే వెతుకులాట వచ్చింది. ఇది అన్యాయమని గూగుల్ ఫిర్యాదు చేస్తే మైక్రోసాఫ్ట్ కొంత దిగొచ్చింది. అయినా ఇంట్లో ఉన్నదాన్ని బయట కొనేదెవరు? 2011 సెప్టెంబరులో గూగుల్ డెస్క్‌టాప్ మూతబడింది.

తెలుగువాళ్లకు మాత్రం ఓ చిక్కు మిగిలింది. డీటీపీ రోజుల్లో అనూ ఫాంట్లలో కూర్చినవి తెరమీద తెలుగే. ఫైల్లో ఉన్నవి వేరే గుర్తులు. తెలుగులో టైపు చేసి వెతికితే అవి దొరకవు. మీ దగ్గర అలాంటివుంటే యూనికోడ్‌లోకి మార్పించుకోండి. మార్చాక ఒత్తులు సరిగ్గా వచ్చాయో లేదో ఓసారి చదివి చూసుకోండి.