చర్చే పాఠమైన చోట: కంప్యూటర్ ఎథిక్స్ కోర్సు చరిత్ర

1976లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, ఓల్డ్ డొమినియన్ యూనివర్సిటీలో వైద్య నీతి బోధిస్తున్న తత్వశాస్త్ర అధ్యాపకుడు వాల్టర్ మేనర్ ఒక సంగతి గమనించాడు. ఆస్పత్రి వ్యవహారంలోకి కంప్యూటర్ వచ్చి చేరితే పాత ధర్మసందేహం మరింత చిక్కుపడుతోంది. ఒక్కోసారి దాని రూపమే మారిపోతోంది. దీనికి విడిగా ఒక చదువు కావాలనుకుని, కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల కోసం ప్రయోగంగా ఒక కోర్సు మొదలుపెట్టాడు. కంప్యూటర్ ఎథిక్స్ అనే పేరూ ఆయన పెట్టిందే. అక్కడే పనిచేస్తున్న డెబొరా జాన్సన్ సమస్య రూపమే మారిపోతోందన్న మాటకు ఒప్పుకోలేదు. గోప్యత, ఆస్తి, బాధ్యత అనేవి ఎప్పటి నుంచో ఉన్న ప్రశ్నలే, కంప్యూటర్ వాటిని కొత్త మలుపు తిప్పిందంతే అన్నది ఆమె వాదన. మేనర్ 1978లో సొంతంగా అచ్చువేసిన బోధనా కరదీపికలో ఏం చెప్పాలన్నదే కాదు, ఎలా చెప్పాలన్నదీ ఉంది. జాన్సన్ 1985లో తెచ్చిన పాఠ్యపుస్తకం తర్వాతి అధ్యాపకులకు ఆధారమైంది. ఇద్దరు ఉపాధ్యాయుల భేదాభిప్రాయంలోంచి పుట్టిన చదువు ఇది. నియమాల జాబితాగా అప్పజెప్పించినప్పుడల్లా ఇది చప్పబడింది. వాదనను పద్ధతిగా నడపగల మనిషి దొరికినప్పుడల్లా నిలబడింది.

నియమాలు అంతకు ముందు లేవని కాదు. ఎం.ఐ.టి. గణితవేత్త నార్బర్ట్ వీనర్ 1950లోనే యంత్రాలు మనిషి పనినీ, మర్యాదనూ ఏం చేస్తాయో హెచ్చరిస్తూ పుస్తకం రాశాడు. డాన్ పార్కర్ 1968లో కంప్యూటర్ వృత్తికి నియమాలు ప్రతిపాదించాడు. ఆయన చొరవతోనే ఏ.సి.ఎం. అనే వృత్తి సంఘం 1973లో ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది. ఆ పార్కరే 1977లో ఇంకో దారి తొక్కాడు. చిన్న చిన్న సంఘటనలు రాసి, రకరకాల వృత్తుల వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి, ఇందులో తప్పుందా, లేదా, అసలిది నీతికి సంబంధించిన విషయమేనా అని ఓటు వేయించాడు. ఎంతో అనుభవం ఉన్నవాళ్ల ఓట్లు కూడా చీలిపోయాయి. ఆ చీలికకు కారణాన్ని 1985లో డార్ట్‌మత్ కాలేజీ తత్వవేత్త జేమ్స్ మూర్ స్పష్టంగా చెప్పాడు: కంప్యూటర్ మనకు మునుపు లేని పనులు చేసే శక్తినిస్తుంది, ఆ పనులకు నియమం ఇంకా ఉండదు, నియమం రాద్దామని కూర్చుంటే ఏ భావన కింద రాయాలో కూడా తేలదు. అలాంటప్పుడు ఉన్న నియమాన్ని బట్టీ పట్టించి లాభం లేదు. లేని నియమాన్ని నలుగురితో కలిసి ఎలా తయారు చేసుకోవాలో నేర్పాలి. అది చర్చలో తప్ప రాదు.

1991లో ఏ.సి.ఎం., ఐ.ఇ.ఇ.ఇ. సంఘాలు కలిసి ఇచ్చిన పాఠ్య ప్రణాళికలో సామాజిక, నైతిక అంశాలకు చోటు దక్కాక కోర్సులు పెరిగాయి. దాంతోపాటే ఒక జాడ్యమూ వచ్చింది. హ్యాకర్ల సాహసాలు, పెద్ద పెద్ద ప్రమాదాలు కథలుగా చెప్పడం, విద్యార్థులు అయ్యో అనడం, గంట కొట్టడం. కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు డొనాల్డ్ గాటర్‌బార్న్ అప్పట్లోనే దీన్ని తప్పుపట్టాడు: సంచలనాల వెంట పడితే రోజూ కోడు రాసే మనిషి తన బాధ్యతను మరిచిపోతాడని ఆయన బాధ. ఆ బాధ న్యాయమైనదే. కానీ దానికి మందు, కేసులను వదిలేయడం కాదు, కేసును లోతుగా తవ్వడం.

థెరాక్-25 ఇందుకు మంచి ఉదాహరణ. క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే ఈ యంత్రం 1985 జూన్ నుంచి 1987 జనవరి దాకా ఆరుగురు రోగులకు ప్రమాదకరమైన మోతాదు ఇచ్చింది, కొందరు చనిపోయారు. నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ 1993లో ప్రచురించిన పరిశోధన చదివితే కథ ఒక్క ప్రోగ్రామర్ పొరపాటు దగ్గర ఆగదు. పాత మోడల్ నుంచి తెచ్చుకున్న కోడులో లోపం ముందే ఉంది. ఆ మోడల్‌లో విడిగా ఉన్న హార్డ్‌వేర్ రక్షణ దాన్ని కప్పిపెట్టింది. కొత్త మోడల్‌లో ఆ రక్షణ తీసేసి సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకున్నారు. తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అని పడితే దానర్థం ఆపరేటర్‌కు తెలియదు. అలాంటి సందేశాలు మామూలైపోవడంతో ఒక మీట నొక్కి ముందుకు పోవడం అలవాటైంది. టెక్సాస్‌లోని టైలర్ ఊళ్లో ఆస్పత్రి ఫిజిసిస్టు, ఆపరేటర్ కలిసి పట్టుబట్టి అదే లోపాన్ని మళ్లీ రప్పించాకే అసలు విషయం బయటపడింది. ఇలాంటి కేసుతో క్లాసులోకి వెళ్లే అధ్యాపకుడు ‘తప్పెవరిది’ అని మొదలుపెడితే పది నిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది, చర్చ చచ్చిపోతుంది. మంచి అధ్యాపకుడు ఒకరికి ప్రోగ్రామర్, ఒకరికి ఆపరేటర్, ఇంకొకరికి కంపెనీ, మరొకరికి ప్రభుత్వ నియంత్రణ సంస్థ పాత్ర ఇస్తాడు. ఆ రోజు నీకు తెలిసింది ఎంత, ఆ తెలివిడితో నువ్వు ఏం చేయగలిగేవాడివి అని అడుగుతాడు. సెయింట్ ఓలాఫ్ కాలేజీకి చెందిన చక్ హఫ్ ఈ కేసునే పత్రాలతో సహా బోధనకు పనికొచ్చేలా తీర్చిదిద్దాడు. క్లాసుకు ముందు ఒక పేజీ రాసుకురమ్మనడం, ఎవరు ఏమన్నా పత్రాల్లో ఆధారం చూపమనడం, తన పక్షం వదిలి ఎదుటి పక్షాన్ని నిజాయితీగా వాదించమనడం: చర్చను కబుర్ల నుంచి కాపాడేవి ఇవే.

చర్చలో చివరికి మిగిలేది ఎవరి అభిప్రాయం వారిదే కదా, దీనికి మార్కులెలా వేస్తారు అనే అభ్యంతరం ఉంది. మార్కులు ముగింపుకు కాదు, కారణాలకు వేయాలి. రెండు పక్షాలూ సమానమేనని నటించే తటస్థత కూడా అధ్యాపకుడి పని కాదు. బలహీనమైన వాదనను బలహీనమైనదని చెప్పగలిగితేనే విద్యార్థి దాన్ని సరిదిద్దుకుంటాడు. ఇక, ఇలా మాట్లాడుకుంటే మనుషులు మారతారా? నైతిక విచక్షణను కొలవడానికి మనస్తత్వవేత్త జేమ్స్ రెస్ట్ రూపొందించిన పరీక్ష ఆధారంగా జరిగిన 55 అధ్యయనాలను 1985లో ఒకచోట చేర్చి చూశారు. సమస్యల మీద చర్చ నడిచిన కార్యక్రమాల్లో ఒక మోస్తరు మెరుగుదల కనిపించింది. విషయ బోధనతో సరిపెట్టిన కోర్సుల్లో, మూడు వారాల లోపు ముగిసిన వాటిలో దాదాపు లేదు. ఆ పరీక్ష కొలిచేది ఆలోచననే, ప్రవర్తనను కాదు. అయినా ఆలోచన మెరుగుపడటం యూనివర్సిటీ చేయగల పని, చేయవలసిన పని కూడా.

విడి కోర్సు పెడితే నీతి ఒక మూలకు పోతుంది, ప్రతి కోర్సులోనూ కలపాలి అనే వాదనకు బలముంది. హార్వర్డ్‌లో బార్బరా గ్రోజ్, ఆలిసన్ సిమన్స్ 2017లో మొదలుపెట్టిన పద్ధతి అదే; తత్వశాస్త్రం వాళ్లు వచ్చి కంప్యూటర్ కోర్సులోనే ఆ పాఠానికి తగిన నైతిక సమస్యను చర్చకు పెడతారు. స్టాన్‌ఫర్డ్‌లో తత్వవేత్త రాబ్ రైష్, కంప్యూటర్ శాస్త్రవేత్త మెహ్రాన్ సహామీ, రాజనీతి శాస్త్రవేత్త జెరెమీ వైన్‌స్టైన్ 2019లో ముగ్గురూ కలిసి విడి కోర్సే నడిపారు. రెండు చోట్లా ఉమ్మడిగా ఉన్నది పాఠాన్ని తీర్చిదిద్దడానికి పెట్టిన శ్రమ.

మన దగ్గర ఈ దారి కొత్త కాదు. ఐఐఐటీ హైదరాబాద్ మానవ విలువల కోర్సును ఉపన్యాసంగా కాక చిన్న బృందాల చర్చగా ఎప్పుడో నడిపింది. అయితే అది ప్రధానంగా వ్యక్తి జీవితం గురించి. రాసే కోడు గురించి మాట్లాడే చోటు ఇంకా కావాలి. కేసు కోసం అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్‌తో పలు శాఖల రికార్డులను కలిపి చూసి రేషన్ కార్డుల అర్హత లెక్కగట్టింది. రిక్షా తొక్కి బతికిన మనిషిని, పేరు పోలిక వల్ల, కారు యజమానిగా చూపిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. పేర్లను పోల్చే ఆ ప్రోగ్రామ్ లాంటిది మన మూడో సంవత్సరం విద్యార్థులు రాయగలరు. డేటాబేస్ పాఠం చెప్పే అధ్యాపకులు వచ్చే సెమిస్టర్‌లో కనీసం నాలుగు వారాలు దీనికి కేటాయించాలి. అరవై మంది ఉంటే ఆరు బృందాలు చేయండి. అధికారి, ప్రోగ్రామర్, రేషన్ డీలర్, కార్డు పోయిన ఇల్లాలు పాత్రలు పంచండి. ఎంత పోలిక ఉంటే ఇద్దరినీ ఒకే మనిషిగా లెక్కించాలో వాళ్లనే నిర్ణయించమనండి, ఆ నిర్ణయానికి కారణం రాయించండి.